మూడు బటన్ల ఫుట్ పెడల్: నాలుగేళ్ళు తొక్కాక రాస్తున్న రివ్యూ

కొన్న మూడో రోజుకే "సూపర్ ప్రొడక్ట్, గో ఫర్ ఇట్" అని రాసేసేవాళ్ళని చూసి మోసపోయినదాన్ని కాబట్టి నేను మాత్రం నాలుగేళ్ళు ఆగి రాస్తున్నా. ఇది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేవాళ్ళు కాలి కింద పెట్టుకునే యూఎస్‌బీ పెడల్ గురించి. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకంటే కింద కొన్ని తిట్లు ఉన్నాయి, పైగా ఈ మూడు బటన్ల పెడల్స్ ఏ కంపెనీవి తీసుకున్నా లోపల పని దాదాపు ఒకటే. మధ్యలో పెద్ద బటన్ ప్లే, ఎడమ పక్క చిన్నది రివైండ్, కుడి పక్క చిన్నది ఫార్వర్డ్. అంతే, ఇంకేం లేదు, లైట్లు లేవు, స్క్రీన్ లేదు, చూడ్డానికి బరువు చూసుకునే మిషన్ పిల్లలా ఉంటుంది.

ఈ ఫీల్డ్ తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డాక్టర్ పేషెంట్ ని చూసాక నోట్స్ చేత్తో రాసుకోకుండా రికార్డర్ లోనో ఫోన్ లోనో నోటితో చెప్పేస్తారు, ఆ ఆడియో విని డిశ్చార్జ్ సమ్మరీ అనో ఆపరేటివ్ రిపోర్ట్ అనో పద్ధతిగా టైప్ చేసి పంపేది మేము. వినాలి, ఆపాలి, టైప్ చెయ్యాలి, కొంచెం వెనక్కి వెళ్ళాలి, మళ్ళీ వినాలి, రోజంతా ఇదే. చెయ్యి తిరిగినవాళ్ళకి కూడా ఒక నిమిషం ఆడియోకి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, కొత్తవాళ్ళ సంగతి అడగొద్దు. చేతులు రెండూ కీబోర్డ్ మీద బిజీ కాబట్టి ఆపడం, నడపడం అనే పని కాలికి అప్పజెప్పారు, కుట్టు మిషన్ దగ్గర కూర్చున్నవాళ్ళకి కాలు తొక్కుతుంటే చెయ్యి బట్ట జరుపుతుంది చూడండి, అచ్చం అలాగే.

ఆ మాటకొస్తే ఇదేం కొత్త ఐడియా కాదు. డిక్టాఫోన్ అనే డిక్టేషన్ మిషన్ పేరు ట్రేడ్‌మార్క్ అయింది 1907 లో, అప్పట్లో మైనపు సిలిండర్ల మీద గొంతు రికార్డ్ చేసేవాళ్ళు. ఒలింపస్ వాళ్ళు 1969 లో మైక్రోక్యాసెట్ తెచ్చారు, దాంతో అగ్గిపెట్టె అంత టేపు జేబులో వేసుకుని తిరిగేంత వీలొచ్చింది, ఆ టేపుల్ని టైప్ చేసే మిషన్లకీ పెడల్ ఉండేది. తర్వాత కంప్యూటర్ వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్ట్ కి తగిలించేవి వచ్చాయి, ఇప్పుడు యూఎస్‌బీ. టేపు పోయింది, పోర్టులు మారాయి, కాలు మాత్రం అక్కడే ఉంది.

నేను మొదటి ఏడాది పెడల్ లేకుండానే చేసా. కీబోర్డ్ లో ఫంక్షన్ కీలు ఉన్నాయిగా, దీనికి వేరే సామాను ఎందుకు అనుకున్నా. మాలో చాలామంది వాడే ఎక్స్‌ప్రెస్ స్క్రైబ్ అనే ఆడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్ లో ఎఫ్ 9 ప్లే, ఎఫ్ 4 స్టాప్, ఎఫ్ 7 రివైండ్, అలవాటైతే బానే నడుస్తుంది. కానీ మెదడుకి ఒక గొడవ ఉంది. వర్డ్ లో ఎఫ్ 7 అంటే స్పెల్ చెక్, ఎఫ్ 4 అంటే ఇందాక చేసిన పని మళ్ళీ చెయ్యడం. రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకే కీ కోసం కొట్టుకుంటుంటే మధ్యలో నలిగేది మన వేళ్ళు. రివైండ్ అనుకుని నొక్కితే స్పెల్ చెక్ విండో ఎగిరి ముందుకొచ్చేది, అది మూసి మళ్ళీ ఆడియో దగ్గరకెళ్ళేసరికి డాక్టర్ గారు గుండె నుంచి పొట్టకి వచ్చేసేవారు. అదీగాక ప్రతి వాక్యానికీ చెయ్యి పై వరసకి వెళ్ళి కిందకి రావడం, చూడ్డానికి అర సెకనే కానీ వాక్యానికి ఒకసారి చొప్పున రోజుకి ఎన్ని వందలసార్లో లెక్కేసుకోండి. సాయంత్రానికి మణికట్టు లాగేది.

మరి పెడల్ వచ్చాక స్పీడ్ పెరిగిందా అంటే పెరిగింది, కానీ మీరనుకున్నంత కాదు, నేననుకున్నంత అసలే కాదు. మొదటి రెండు వారాలు తగ్గింది కూడా. కాలు తీసేస్తే ఆడియో ఆగాలి, తొక్కితే నడవాలి, ఇది తలకి తెలుసు కానీ కాలికి తెలీదు కదా. టైపింగ్ లో లీనమైపోయి కాలు బిగపట్టి కూర్చునేదాన్ని, ఆడియో పరిగెత్తుతూనే ఉండేది. ఇంకోసారి కుర్చీ సర్దుకోబోయి రివైండ్ మీద కాలేస్తే మొత్తం మొదటికి వెళ్ళిపోయింది. ఆ కష్టాలన్నీ చెప్పడమెందుకు, మూడో వారానికి ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు, ఒకరోజు ఫోన్ లో ఎవరో గబగబా మాట్లాడుతుంటే బల్ల కింద కాలు దానంతటదే ఎడమ బటన్ వెతుక్కుంది, అప్పుడు నవ్వొచ్చింది.

అసలు దీంట్లో ఉన్న మహత్యం ప్లే బటన్ లో లేదు, ఆటో బ్యాక్‌స్టెప్ లో ఉంది. కాలు తీసి మళ్ళీ తొక్కినప్పుడు ఆడియో ఆగిన చోటు నుంచి కాకుండా కొంచెం వెనక నుంచి మొదలయ్యే సెట్టింగ్. ఇది పెడల్ లో ఉండదు, ప్లేయర్ సాఫ్ట్‌వేర్ లో ఉంటుంది, చాలామంది పెడల్ కొని ఈ సెట్టింగ్ ముట్టుకోకుండా వదిలేసి "ఏముంది దీంట్లో" అంటారు. నేను ఒకటిన్నర సెకను పెట్టుకున్నా. రెండు సెకన్లు పెడితే విన్నదే వినీ వినీ విసుగు, అర సెకను పెడితే మాట సగం నుంచి మొదలై మొదటి అక్షరం మింగేస్తుంది. మా పనిలో మొదటి అక్షరం మింగితే ఏమవుతుందో తెలుసా, హైపోటెన్షన్ కి హైపర్‌టెన్షన్ కి తేడా మాట మధ్యలో ఉంటే, అబ్డక్షన్ కి అడక్షన్ కి తేడా ఆ మొదటి ముక్కలోనే ఉంది. ఒకటి చెయ్యి ఒంటికి దూరంగా జరపడం, ఇంకోటి దగ్గరికి తేవడం. మంచి డాక్టర్లు "ఏ బీ డక్షన్" అని అక్షరాలు విడగొట్టి చెప్తారు, అలాంటివాళ్ళ ఫైల్ వస్తే మనసులోనే దణ్ణం పెట్టుకుంటా.

స్పీడ్ కంటే పెడల్ నాకిచ్చింది ఇంకోటుంది, మళ్ళీ వినడానికి బద్ధకం పోవడం. కీలు వాడే రోజుల్లో డోసు దగ్గర ఫిఫ్టీనా ఫిఫ్టీయా అని డౌట్ వస్తే, నిజం చెప్తున్నా, "ఫిఫ్టీనే అయ్యుంటుందిలే" అని వెళ్ళిపోవాలనిపించేది, ఎందుకంటే మళ్ళీ వినాలంటే చెయ్యి లేపాలి, కీ వెతకాలి. కాలు కింద రివైండ్ ఉంటే మూడుసార్లు విన్నా ఖర్చేం లేదు, మడమ కదిలిస్తే చాలు. ఈ ఒక్క కారణానికే నేను దీన్ని ఎవరికైనా కొనమంటా. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు తిట్లు. 

మొదటిది, నా పెడల్ కి బరువు లేదు. ప్లాస్టిక్ డబ్బా. కింద నాలుగు రబ్బరు బొడిపెలు ఇచ్చారు, నున్నటి గచ్చు మీద అవి ఉన్నా లేనట్టే. తొక్కిన ప్రతిసారీ అంగుళం ముందుకి జరుగుతుంది, గంటకోసారి బల్ల కిందకి దూరి దాన్ని లాక్కోవాలి, లేదంటే మనమే కుర్చీ ముందుకి జరుపుకుంటూ వెళ్ళి ఛాతీ బల్లకి ఆనించి టైప్ చెయ్యాలి. కొన్ని మోడల్స్ అడుగున ఇనప పలక వేసి బరువుగా ఇస్తారు, కొనేముందు ఆ బరువు చూసుకోండి, ఫోటోలో తెలీదు. నేను పాత యోగా మ్యాట్ ముక్క కోసి కింద వేసా, అప్పట్నుంచి కదల్లేదు. ఇంత చిన్న పని కంపెనీవాడు చెయ్యలేడా అని ఇప్పటికీ కోపమే.

రెండోది చప్పుడు. నొక్కినప్పుడల్లా లోపల మైక్రో స్విచ్ టిక్కుమంటుంది. హెడ్‌ఫోన్స్ లో ఉన్న నాకు వినపడదు, పక్కగదిలో పడుకున్నవాళ్ళకి మాత్రం రాత్రంతా బల్లి అరిచినట్టు ఉంటుందట.

మూడోది, కంప్యూటర్ నిద్రపోయి లేచాక పెడల్ లేవదు. ప్లగ్ పీకి మళ్ళీ పెట్టాలి. దీనికి నెల రోజులు పెడల్ నే తిట్టా, పాపం తప్పు దానిది కాదు, విండోస్ లో డివైస్ మేనేజర్ కి వెళ్ళి యూఎస్‌బీ హబ్ ప్రాపర్టీస్ లో పవర్ ఆదా కోసం ఈ డివైస్ ని ఆఫ్ చెయ్యొచ్చు అన్న టిక్కు తీసేస్తే పోయింది. మీకు ఇదే సమస్య ఉంటే రిటర్న్ పెట్టేముందు అది చూడండి.

కుడి పక్క ఫార్వర్డ్ బటన్ గురించి కూడా చెప్పాలి, కొన్న కొత్తలో అది దండగ అనుకున్నా. ముందుకి దూకడమెందుకు, చెప్పినదంతా టైప్ చెయ్యాల్సిందేగా. తర్వాత తెలిసింది. కొంతమంది డాక్టర్లు పది నిమిషాలు చెప్పి చివర్లో "ఇందాక ఎగ్జామ్ లో లెఫ్ట్ నీ (మోకాలు) అన్నాను, రైట్ అని మార్చండి" అంటారు. ఇంకొందరు మధ్యలో "అది కొట్టేయండి, మొదటి పేరాకి వెళ్ళండి" అంటారు. ఇలాంటివాళ్ళ గొంతు గుర్తుపట్టగానే నేను ముందు ఫార్వర్డ్ తొక్కి ఆఖరి నిమిషం విని, ఆ తర్వాతే మొదలుపెడతా. దాని ఉపయోగం అంతవరకే, కానీ ఆ కాస్తా పెద్దదే.

కొనేవాళ్ళు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇంకో చోట, అది ఏ సాఫ్ట్‌వేర్ తో నడుస్తుందో చూసుకోకపోవడం. ఇవి రెండు రకాలు. ఒక రకం, కంప్యూటర్ కి పెడల్ లాగే కనపడుతుంది, డ్రైవర్లేం వెయ్యక్కర్లేదు, కానీ దాన్ని గుర్తుపట్టే ట్రాన్స్‌క్రిప్షన్ ప్లేయర్ ఉండాలి, అది లేకపోతే తొక్కుతూ కూర్చోవడమే. రెండో రకం, కీబోర్డ్ లాగా నటిస్తుంది, ఏ బటన్ కి ఏ కీ కావాలంటే అది పెట్టుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన ప్లేయర్ సిస్టంలో ఇన్‌స్టాల్ చేసుకుని పని చేసేవాళ్ళకి మొదటిది హాయి. బ్రౌజర్ లోనే ఆడియో నడిచే ప్లాట్‌ఫామ్ అయితే మొదటి రకం ఒక్కోసారి అసలు పలకదు, ఎక్స్‌టెన్షన్ ఏదైనా ఇచ్చారేమో అడగాలి, లేదా రెండో రకం తీసుకోవాలి. రిమోట్ డెస్క్‌టాప్ లో పని చేసేవాళ్ళకి ఇంకో తలనొప్పి, పెడల్ మన ఇంటి కంప్యూటర్ కి తగిలించి ఉంటుంది, ప్లేయర్ ఎక్కడో సర్వర్ లో ఉంటుంది, యూఎస్‌బీ రీడైరెక్షన్ వాళ్ళు ఆన్ చెయ్యకపోతే మధ్యలో ఆ తొక్కుడు అందదు. సపోర్ట్ వాళ్ళతో నేను నాలుగు రోజులు పోట్లాడింది దీని గురించే, ఆ నాలుగు రోజులూ "పెడల్ మార్చి చూడండి మేడం" అన్నారు.

ఇంకో ముక్క, డీఎస్ఎస్ ఫైల్స్. ఒలింపస్, ఫిలిప్స్, గ్రుండిగ్ కలిసి డిక్టేషన్ కోసమే ముందుకి తెచ్చిన ఫార్మాట్ అది, మనిషి గొంతుకి సరిపడా కుదించి ఫైల్ చిన్నగా చేస్తుంది. మామూలు మ్యూజిక్ ప్లేయర్ లో తెరుచుకోదు. ప్లేయర్ ఫ్రీ వెర్షన్ తో సరిపెట్టుకుందాం అనుకునేవాళ్ళు మీ దగ్గరకొచ్చే ఫైల్స్ ఏ రకమో ముందు కనుక్కోండి, దీనికి పెడల్ తో సంబంధం లేకపోయినా పెడల్ రివ్యూల్లోనే జనం దీని గురించి ఏడుస్తుంటారు.

పెడల్ ఒక్కటే ఉంటే సగం పనే, దానికి జోడీ ఎక్స్‌పాండర్. అంటే రెండు మూడు అక్షరాలు కొడితే వాక్యం మొత్తం వచ్చే సాఫ్ట్‌వేర్. మాకు చాలా చోట్ల డబ్బులు లైన్ లెక్కన, లైన్ అంటే స్పేస్ తో కలిపి 65 క్యారెక్టర్లు, కాబట్టి వేళ్ళు తక్కువ కదిలితే ఎక్కువ లాభం. దీనికి వేరే కొనక్కర్లేదు, వర్డ్ లో ఉన్న ఆటోకరెక్ట్ తో మొదలుపెట్టొచ్చు, కాకపోతే ఫార్మాటింగ్ లేని ఎంట్రీకి 255 క్యారెక్టర్లే పడతాయి, డాక్టర్ "నా నార్మల్ ఎగ్జామ్ పెట్టెయ్యండి" అంటే వచ్చే పది లైన్ల పేరా దాంట్లో ఇరకదు. పైగా వర్డ్ దాటి బయటికొస్తే పనిచెయ్యదు. నేను ఆటోహాట్‌కీ కి మారా, అది ఫ్రీ, ఏ విండోలో అయినా నడుస్తుంది, మొదట్లో స్క్రిప్ట్ చూసి భయపడ్డా కానీ ఎక్స్‌పాండర్ వరకూ ఒక్కో లైన్ రాసుకుంటే చాలు.

దీంతో నేను చేసిన వెధవ పని ఒకటి చెప్తా. "ఆర్ ఏ" అని కొడితే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వచ్చేట్టు పెట్టుకున్నా, ఎందుకంటే అప్పుడు నాకు కీళ్ళ డాక్టర్ల ఫైల్స్ ఎక్కువ వచ్చేవి. తర్వాత ఎమర్జెన్సీ అకౌంట్ కి, అంటే ఎమర్జెన్సీ డాక్టర్ల ఫైల్స్ కి, మార్చారు. అక్కడ ఆర్ ఏ అంటే రూమ్ ఎయిర్, ఆక్సిజన్ పెట్టకుండా మామూలు గాలి పీలుస్తున్నారని. "పేషెంట్ రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ మీద 98 శాతం సాచురేషన్ తో ఉన్నారు" అని పంపించా. ఒకటి కాదు, ఆ రోజు ఆరు రిపోర్టుల్లో. క్వాలిటీ వాళ్ళు పట్టుకుని ఎర్రగా మార్క్ చేసి పంపారు, కింద ఒక స్మైలీ కూడా పెట్టారు, ఆ స్మైలీయే ఎక్కువ కాలింది. అప్పట్నుంచి రెండక్షరాల ఎంట్రీలు తీసేసా, అకౌంట్ కి ఒక లిస్ట్ పెట్టుకున్నా.

ఎక్స్‌పాండర్ మేలు చేసేది కూడా ఉందండోయ్. అమెరికాలో హాస్పిటల్స్ కి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ వాళ్ళు వాడకూడని పొట్టి రాతలంటూ 2004 లో ఒక లిస్ట్ ఇచ్చారు. యూనిట్స్ అని రాయడానికి బదులు ఒట్టి యూ అక్షరం రాస్తే అది సున్నా లాగా కనపడి డోసు పదింతలు అవ్వొచ్చు, ఒకటి పక్కన చుక్క పెట్టి సున్నా రాస్తే చుక్క కనపడక పది అవుతుంది, అర మిల్లీగ్రాముకి చుక్క ముందు సున్నా వెయ్యకపోతే ఐదు అవుతుంది. డాక్టర్ నోటితో క్యూడీ (రోజుకోసారి అని) అన్నా నా వేళ్ళు క్యూడీ కొట్టినా స్క్రీన్ మీద డైలీ అనే వచ్చేట్టు పెట్టుకున్నా. ఇలాంటివి మనిషి గుర్తుపెట్టుకోకూడదు, మిషన్ కి వదిలెయ్యాలి.

సరే, అసలు విషయానికొస్తా. ఇప్పుడు ఎవర్ని అడిగినా "ఇంకా పెడల్ ఏంటి, అంతా ఏఐ రాసేస్తుంటే" అంటున్నారు. నాకొచ్చే పనిలోనూ ఇప్పుడు సగం పైన అదే, స్పీచ్ రికగ్నిషన్ రాసిన డ్రాఫ్ట్ వస్తుంది, మేం ఆడియో వింటూ సరిచెయ్యాలి. ఇది మొదలైనప్పుడు నేను కూడా పెడల్ తీసి మూలన పెట్టా. టైప్ చేసేదేం లేదుగా, ప్లే కొట్టి ఆడియోతో పాటు కళ్ళు పరిగెత్తిస్తే చాలు అనుకున్నా. రెండు నెలల్లో నా క్వాలిటీ స్కోర్ పడిపోయింది, అదీ ఎలాంటి తప్పులనుకున్నారు, స్పెల్లింగులు కాదు. డాక్టర్ "నో ఎవిడెన్స్ ఆఫ్" అంటే డ్రాఫ్ట్ లో నో లేదు, ఎవిడెన్స్ ఆఫ్ అని ఉంది, నేను చూస్తూ విన్నా, వింటూ చూసా, దాటిపోయా. వాక్యం అంత శుభ్రంగా, కామాలతో సహా, కనపడుతుంటే చెవి పని చెయ్యడం మానేస్తుంది. కన్ను చదివిందే చెవికి వినపడుతుంది. ఖాళీ పేజీ మీద టైప్ చేసేటప్పుడు ఈ బాధ లేదు, అక్కడ చెవి తప్ప దిక్కు లేదు కాబట్టి.

మళ్ళీ పెడల్ బయటికి తీసా. ఇప్పుడు వాక్యానికో, రెండు వాక్యాలకో కాలు తీస్తా. ఆగిన ఆ క్షణంలో ఇప్పుడు విన్నది నిజంగా అక్కడ రాసి ఉందా అని చూస్తా, తేడాగా అనిపిస్తే బ్యాక్‌స్టెప్ ఎలాగూ వెనక్కి తీసుకెళ్తుంది. స్పీడ్ తగ్గింది, ఒప్పుకుంటా, నో లు దొరికాయి. ఎడిటింగ్ కి పెడల్ అక్కర్లేదు అనేవాళ్ళతో నా గొడవ ఇదే, టైపింగ్ లో పెడల్ చేతికి సాయం, ఎడిటింగ్ లో చెవికి బ్రేకు.

ఇదేదో పాతకాలం మనిషి పట్టుదల అనుకోకండి. జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే జర్నల్ లో 2018 లో ఒక స్టడీ వచ్చింది, 217 డిక్టేషన్ నోట్స్ తీసుకుని ఏ దశలో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టారు. మిషన్ రాసిన డ్రాఫ్ట్ లో వంద మాటలకి ఏడు పైన, 7.4 శాతం. ట్రాన్స్‌క్రిప్షనిస్ట్ చూసాక 0.4. డాక్టర్ సంతకం పెట్టాక 0.3. నేను ఈ లెక్క ప్రింట్ తీసి బల్ల మీద అంటించా, ఎందుకంటే నెలాఖర్న డబ్బులు చూసుకున్నప్పుడు మనం చేసేది ఏంటో మనకే మర్చిపోయేంత తక్కువ ఉంటాయి. అప్పటికీ ఇప్పటికీ మిషన్లు చాలా మెరుగయ్యాయి, కాదనను. కానీ కొత్త రకం జబ్బు కూడా వచ్చింది. 2022 లో ఓపెన్ఏఐ వాళ్ళు వదిలిన విస్పర్ అనే, ఆడియో విని రాసిపెట్టే ఏఐ మీద రెండేళ్ళ తర్వాత ఒక పరిశోధన వచ్చింది, ఆడియో ముక్కల్లో ఒక శాతం దాకా ఎవ్వరూ అనని మాటలు కల్పించి రాసిందని తేలింది, మాటల మధ్య గ్యాప్ ఎక్కువ ఉన్న చోట ఇది ఎక్కువట. డిక్టేషన్ లో గ్యాప్ లకేం కరువు, చార్ట్ తిరగేస్తారు, ఎవరో పిలిస్తే వెళ్ళొస్తారు, ఆవలిస్తారు, ఏదో నములుతారు. పాత మిషన్ తప్పు రాస్తే వాక్యం పిచ్చిగా ఉండి దొరికిపోయేది. ఇది అందంగా రాస్తుంది. అక్కడ నిజంగా నిశ్శబ్దమే ఉందా అని చూడాలంటే వెనక్కి తొక్కి వినడం తప్ప ఇంకో దారి నాకు తెలీదు.

పెడల్ చెయ్యలేనిది కూడా చెప్పకపోతే అన్యాయం. ఇలియమ్ అని పలికే మాటలు రెండున్నాయి, స్పెల్లింగ్ లో ఒక్క అక్షరం తేడా, ఒకటి చిన్నపేగు చివరి భాగం, ఇంకోటి తుంటి ఎముక. వెయ్యిసార్లు రివైండ్ చేసినా రెండూ ఒకేలా వినపడతాయి, పక్కన కొలనోస్కోపీ ఉందా ఫ్రాక్చర్ ఉందా చూసి తేల్చాలి. హైడ్రలజీన్, హైడ్రాక్సిజీన్ ఇంకో జంట, ఒకటి బీపీకి, ఇంకోటి దురదకి ఆందోళనకి, ఫోన్ లో గొణిగే డాక్టర్ దగ్గర ఇవి విడదీయడం మన వల్ల కాదు, మందుల లిస్ట్ చూడాలి. స్పీడ్ తగ్గించి వింటే తేలుతుందని కొందరంటారు, నా అనుభవంలో 85 శాతం వరకూ మేలు, ఇంకా తగ్గిస్తే అచ్చులు సాగిపోయి ఇంకా అర్థం కాదు. ఒక్కోసారి స్పీడ్ పెంచితే తెలుస్తుంది, ఎందుకో అడక్కండి. మూడుసార్లు తొక్కినా తేలకపోతే ఖాళీ వదిలి టైమ్ వేసి డాక్టర్ కి ఫ్లాగ్ పెట్టండి. కొత్తలో ఖాళీ వదలడానికి నామోషీ పడి ఊహించి రాసేదాన్ని, ఊహ తప్పితే ఆ తప్పు పేషెంట్ ఫైల్ లో కూర్చుంటుంది, ఖాళీ అయితే కనీసం ఎవరో ఒకరు చూస్తారు.

హెడ్‌ఫోన్ గురించి పెద్దగా చెప్పను, పెడల్ తో పాటు ఫ్రీగా వచ్చిన స్టెతస్కోప్ లాంటి గడ్డం కింద వేలాడేది పది నిమిషాలు పెట్టుకున్నా, చెవుల్లో గుచ్చుకుంది, తీసి పడేసా. చెవి మొత్తం కప్పేది ఏదైనా తీసుకోండి.

కాలి సంగతి మాత్రం సీరియస్ గా వినండి. నేను ఏడాది పాటు పాదం మొత్తం గాల్లో లేపి తొక్కా, పిక్క పట్టేసి రాత్రుళ్ళు నిద్ర లేదు. మడమ నేల మీద ఆనాలి, మునివేళ్ళ దగ్గర భాగంతో నొక్కాలి, అంతే. కుర్చీ ఎత్తు తగ్గించుకోవాల్సి వస్తే తగ్గించుకోండి. మధ్యాహ్నం నుంచి ఎడమ కాలికి మార్చడం నేర్చుకోండి, మొదట్లో ఎడమ చేత్తో సంతకం పెట్టినట్టు ఉంటుంది, వారంలో వచ్చేస్తుంది. సాక్స్ తో తొక్కితే జారుతుంది, చెప్పులతో తొక్కితే ఎంత నొక్కామో తెలీదు, ఒట్టికాలే నయం.

ఎవరు కొనాలి అంటే, రోజుకి గంట కంటే ఎక్కువ ఆడియో ముట్టుకునే ఎవరైనా. ఇంకా ట్రైనింగ్ లో ఉన్నవాళ్ళు మాత్రం ముందు కీలతో ఒక నెల చెయ్యండి, ఈ పని మీకు పడుతుందో లేదో తేలాక కొనొచ్చు. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, పోయిన స్టార్ ఆ రబ్బరు బొడిపెలకి.

అప్‌డేట్: ఇది రాసిన పది రోజులకి దిష్టి తగిలినట్టుంది, రివైండ్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలైంది. వారంటీ ఎప్పుడో అయిపోయింది, పోతే పోయిందని కింద స్క్రూలు విప్పా. లోపల నాలుగేళ్ళ దుమ్ము, వెంట్రుకలు, ఒక స్టేపుల్ పిన్ను. బ్రష్ తో దులిపి ఊది మళ్ళీ బిగించా, ఇప్పుడు బానే ఉంది. ఒక స్క్రూ మిగిలింది, అది ఎక్కడిదో తెలీట్లేదు.